ఎడమకాలి లెక్క

కారు కొనబోయేవాళ్ళకు రంగూ మైలేజీ తేల్చుకున్నాక ఇప్పుడు తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఇంకొకటుంది. గేర్లు మనం వేసుకునే బండా, దానంతట అదే వేసుకునే బండా? షోరూములో దీనికి డబ్బు రూపంలో జవాబు దొరుకుతుంది: చిన్న కారైతే యాభై వేలు అటూ ఇటూ, పెద్దదైతే లక్ష పైచిలుకు ఎక్కువ పెట్టుకోవాలి. చుట్టాలను అడిగితే పౌరుషం రూపంలో దొరుకుతుంది: గేర్లు మార్చడం రానిది అదేం డ్రైవింగని ఒకరు, ఈ ట్రాఫిక్‌లో ఇంకా క్లచ్ తొక్కుకుంటూ బతకాలా అని ఇంకొకరు. మైలేజీ, పికప్, కంట్రోల్ అన్న మాటలు ఇద్దరి నోటా వినిపిస్తాయి. వాటిలో నిజం లేకపోలేదు. కానీ అవన్నీ బండి గురించిన మాటలు. క్లచ్ తొక్కే కాలు మాత్రం ఒక మనిషిది. ఆ మనిషి ఎవరు? బండి కొన్నవాడేనా, జీతానికి నడిపేవాడా? మన దేశంలో ఏ బండిలోకి ఏ గేర్ బాక్స్ ఎప్పుడు వచ్చిందో వరసపెట్టి చూస్తే, ఇంజన్ లక్షణాలతో పాటు ఈ ప్రశ్న కూడా దాన్ని నిర్ణయించిందని తెలుస్తుంది. కొనేవాడి కాలు నొప్పి పుట్టినప్పుడు ఆటోమేటిక్ వచ్చింది. ఇంకొకరి కాలు నొప్పి పుట్టినంతకాలం మాన్యువల్ చాల్లే అనిపించింది.

ముందు ఆ కాలు చేసే పనేమిటో చూద్దాం. పెట్రోలు, డీజిలు ఇంజన్లకు పుట్టుకతోనే ఒక లోపం ఉంది. ఆగి ఉన్న స్థితి నుంచి బలం ఇవ్వడం వాటికి చేతకాదు. నిమిషానికి కనీసం ఏడెనిమిది వందల చుట్లయినా తిరుగుతూ ఉండాలి, లేదంటే ఆగిపోతాయి. చక్రమేమో సున్నా నుంచి కదలాలి. తిరుగుతున్న ఇంజన్‌కీ తిరగని చక్రానికీ మధ్య రాజీ కుదర్చడానికే క్లచ్. కాలు మెల్లగా పైకి తీస్తుంటే ప్లేట్లు ఒకదానిమీద ఒకటి కాసేపు జారి, ఒరుసుకుని, చివరికి అతుక్కుంటాయి. ఆ జారుడునే హాఫ్ క్లచ్ అంటాం. ఇక ఇంజన్ చక్కగా లాగేది కొన్ని చుట్ల పరిధిలోనే కాబట్టి, వేగం మారినప్పుడల్లా గేరు మార్చాలి, గేరు మార్చినప్పుడల్లా క్లచ్ తొక్కాలి. ఒక్కసారి ఆగి కదిలితే కనీసం మూడు తొక్కుళ్ళు: ఆగేటప్పుడు ఒకటి, ఫస్ట్ వేయడానికి ఒకటి, సెకండ్‌కి మారడానికి ఒకటి. ఆఫీసు వేళలో కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి బయల్దేరిన కారు యాభైసార్లు ఆగి కదిలిందనుకుంటే నూటయాభై తొక్కుళ్ళవుతాయి. అదే దారిలో పొద్దున్నించి రాత్రిదాకా తిరిగే క్యాబ్ సంగతి ఎవరికివారు గుణించుకోవచ్చు. క్లచ్ తొక్కడంలో నేర్పుందన్నది నిజమే. మొదటి పదిసార్లలో ఉన్న నేర్పు నూటయాభయ్యోసారికి చాకిరీగా మారుతుందన్నది కూడా అంతే నిజం.

ఈ చాకిరీని యంత్రానికి అప్పజెప్పాలన్న ఆలోచన కొత్తది కాదు. జనరల్ మోటార్స్ సంస్థ 1939లోనే హైడ్రామాటిక్ అనే గేర్ బాక్స్‌ను ప్రకటించింది. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కారుకు 57 డాలర్లు అదనంగా కడితే అది వచ్చేది, క్లచ్ పెడల్ ఉండేది కాదు. యుద్ధం వచ్చాక అదే గేర్ బాక్స్‌ను అమెరికా సైన్యం ఎం5 స్టువర్ట్ ట్యాంకుల్లో పెట్టింది. ఆటోమేటిక్ అంటే సుఖానికి అలవాటుపడ్డవాళ్ళ సరుకు అనుకునేవాళ్ళు ఈ ట్యాంకును గుర్తుపెట్టుకోవాలి. యుద్ధంలో ఉన్నవాడి కళ్ళకూ చేతులకూ గేర్లకంటే ముఖ్యమైన పనులుంటాయని సైన్యానికి తెలుసు. 1950ల చివరికొచ్చేసరికి అమెరికాలో అమ్ముడయ్యే కార్లలో ఎక్కువ భాగం ఆటోమేటిక్‌లే. అక్కడ డ్రైవర్‌ను పెట్టుకోవడం కోటీశ్వరుల వ్యవహారం. గుమాస్తా అయినా డాక్టరైనా కారు కొన్నవాడే నడిపేవాడు. కంపెనీలు ఎవరికి అమ్ముతున్నాయో, క్లచ్ తొక్కేదీ వాళ్ళే. దానికి తోడు పెట్రోలు చవక, ఇంజన్లు పెద్దవి, కొంత బలం గేర్ బాక్స్ నూనెలో వేడిగా కరిగిపోయినా బాధ లేదు. యూరప్‌లో పెట్రోలు మీద పన్నులెక్కువ, ఇంజన్లు చిన్నవి. అందుకని అక్కడివాళ్ళు కాలిని కష్టపెట్టి పెట్రోలు మిగుల్చుకున్నారు. రెండు చోట్లా లెక్క వేసుకున్నవాడూ కష్టపడ్డవాడూ ఒక్కడే.

మన దగ్గర ఆ ఇద్దరూ వేరు. అంబాసిడర్ రోజుల్లో కారు కొన్న మంత్రిగారూ, కాంట్రాక్టరుగారూ, కంపెనీ మేనేజరుగారూ వెనక సీట్లో కూర్చునేవారు. ముందు సీట్లో స్టీరింగ్ పక్కన పొడుచుకొచ్చిన గేర్ రాడ్డుతో కుస్తీ పట్టేది వేరొకరు. ఆ కారును జనం మెచ్చుకున్నది దేనికో గుర్తు చేసుకుంటే చాలు: వెనక సీటు విశాలం, గుంతల్లో పడ్డా వెనక కూర్చున్నవాళ్ళకు పెద్దగా తెలియదు. క్లచ్ బరువు గురించి ఎవరైనా మెచ్చుకున్నారా, ఫిర్యాదు చేశారా? చేసి ఉంటే డ్రైవర్లు చేసి ఉండాలి, వాళ్ళు కొనేవాళ్ళు కాదు కాబట్టి అది కలకత్తా ఫ్యాక్టరీ దాకా వెళ్ళే దారి లేదు. ఆ అలవాటు ఈనాటికీ మన మార్కెట్టును వదల్లేదు. సెడాన్ కార్ల ప్రకటనలు వెనక సీట్లో కాళ్ళు చాపుకోవడానికి ఎంత జాగా ఉందో వర్ణిస్తాయి, వెనకవాళ్ళకు వేరే ఏసీ గాలి వస్తుందని చెబుతాయి, వెనక కిటికీకి తెర ఉందంటాయి. ఒకే కారులో రెండు రకాల కాళ్ళున్నాయి, ఒకదాని సుఖానికి కొలతలు తీశారు, రెండోదాని శ్రమను ఎవరూ కొలవలేదు.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. 796 సీసీ ఇంజన్ ఉన్న ఈ చిన్న కారుతో మధ్యతరగతి యజమాని మొదటిసారి పెద్ద సంఖ్యలో డ్రైవర్ సీట్లోకి మారాడు. మరి నా వాదన ప్రకారం ఆటోమేటిక్ అప్పుడే రావాలి కదా? రాలేదు. అప్పటికి రోడ్లు ఖాళీ, చేతిలో డబ్బు తక్కువ, క్లచ్ తేలిక. తన కాలైనా సరే అంతగా నొప్పి పుట్టలేదు. నొప్పి పుట్టింది ఊళ్ళు ఉబ్బి, ఆఫీసులు ఒకే మూలకు చేరి, పది కిలోమీటర్ల ప్రయాణానికి గంట పట్టడం మొదలయ్యాక. 2014 ఫిబ్రవరిలో మారుతి సెలేరియో కారు ఏజీఎస్ అనే అమరికతో వచ్చింది. ఏజీఎస్ మారుతి పెట్టుకున్న పేరు, ఈ రకం అమరికను మామూలుగా పొడి అక్షరాల్లో ఏఎంటీ అంటారు. ఇందులో ఉన్నది మామూలు మాన్యువల్ గేర్ బాక్సే. క్లచ్ తొక్కే పనీ గేరు మార్చే పనీ మాత్రం కంప్యూటర్ చెప్పినట్టు ఒక యాక్చుయేటర్ చేస్తుంది. ఈ కిటుకు యూరప్ కార్లలో 1990ల చివరికే ఉంది. ఇక్కడికి రావడానికి పదిహేనేళ్ళు పట్టింది, ఎందుకంటే ఇక్కడ దాన్ని అడిగేవాళ్ళు పుట్టడానికి అంతకాలం పట్టింది. అదే 2014 మే నెలలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. కావాలని ఎవరూ అలా ముహూర్తం పెట్టలేదు గానీ, వెనక సీటు యజమాని కాలం పోయి ముందు సీటు యజమాని కాలం వచ్చిందనడానికి అంతకంటే మంచి ఏడాది దొరకదు.

ఈ వాదనకు నాకు కనిపించే గట్టి సాక్ష్యం కార్లలో కంటే స్కూటర్లలో ఉంది. చేతక్ నడిపినవాళ్ళకు తెలుసు, ఎడమచేత్తో క్లచ్ నొక్కిపట్టి ఆ పిడినే తిప్పుతూ గేర్లు మార్చాలి. 1984లో వచ్చిన కైనెటిక్ హోండా ఆ బాధ తీసేసింది: బటన్ నొక్కితే స్టార్టు, యాక్సిలరేటర్ తిప్పితే పరుగు. 1990లలో స్కూటీ, 2001లో యాక్టివా. అంటే లక్షలు పోసి కారు కొన్నవాళ్ళకు అందుబాటు ధరలో గేర్ల బాధ తప్పడానికి 30 ఏళ్ళ ముందే, అంతకంటే తక్కువ సంపాదించే స్కూటర్ యజమానికి తప్పింది. స్కూటర్‌లో పెట్టే బెల్టు అమరిక చిన్నది, చవకైనది అనొచ్చు, అది సగం కారణం. మిగతా సగం ఏమిటంటే, స్కూటర్‌కి ఎవరూ డ్రైవర్‌ను పెట్టుకోరు. కొన్న చెయ్యే నొప్పి పుడుతుంది. ఇక్కడే ఎదురు సాక్ష్యం కూడా ఒకటుంది, దాన్ని దాటేయకూడదు. స్ప్లెండర్ లాంటి మోటార్ సైకిళ్ళు ఎప్పుడూ గేర్లతోనే లక్షలకు లక్షలు అమ్ముడవుతున్నాయి, వాటినీ కొన్నవాళ్ళే నడుపుతారు. పల్లెదారిలో బండి ఒకసారి నాలుగో గేరులో పడితే పొలం గట్టు దాకా మార్చే పని ఉండదు, మైలేజీ మాత్రం ప్రతి కిలోమీటరుకూ లెక్కే. కాబట్టి నేను చెప్పేది ప్రతిచోటా ఆటోమేటిక్ గెలవాలని కాదు. నడిపేవాడే ఎంచుకున్నప్పుడు దారికి తగ్గట్టు, ఒంటికి తగ్గట్టు, జేబుకు తగ్గట్టు సరిగ్గానే ఎంచుకుంటాడు. నడిపేవాడొకడు, ఎంచుకునేవాడొకడు అయినప్పుడే లెక్క తప్పుతుంది.

ఎలా తప్పుతుందో టాక్సీలను చూస్తే తెలుస్తుంది. ఇంట్లో వాడుకోవడానికి డిజైర్ కొంటే అందులో ఏజీఎస్ దొరుకుతుంది. అదే డిజైర్‌ను టాక్సీల కోసం టూర్ ఎస్ పేరుతో అమ్ముతారు, అది వచ్చేది మాన్యువల్ గేర్లతో. రోజుకు రెండు గంటలు నడిపే ఉద్యోగికి ఎడమకాలు ఖాళీగా ఉంచుకునే వీలుంది, రోజుకు పన్నెండు గంటలు నడిపేవాడికి లేదు. వైద్యుడి దృష్టితో చూస్తే ఇది తలకిందుల ఏర్పాటు, వ్యాపారి దృష్టితో చూస్తే నిక్షేపంలా ఉంది. పది బండ్లు తిప్పే యజమానికి కొనుగోలు ధర కనబడుతుంది, సీఎన్‌జీ ఖర్చు కనబడుతుంది, డ్రైవర్ నడుం కనబడదు. నిజానికి సొంత క్యాబ్ నడుపుకునేవాడు కూడా నెలవారీ కిస్తీ భయంతో మాన్యువలే తీసుకుంటాడు. అక్కడ తన కాలిని తానే చవగ్గా అమ్ముకుంటున్నాడు. సీఎన్‌జీ కారుకు ఆటోమేటిక్ గేర్లు కలిపి ఫ్యాక్టరీ నుంచి ఇవ్వడం మన దేశంలో 2024లో టాటా టియాగో, టిగోర్‌లతో మొదలైంది కాబట్టి, అంతకుముందు క్యాబ్ వాళ్ళకు కోరుకునే అవకాశమే లేదన్నది ఒప్పుకోవాలి. అయితే అంత ఆలస్యం ఎందుకైందన్న ప్రశ్న మళ్ళీ మనల్ని అక్కడికే తెస్తుంది. లారీల్లో ఏసీ సంగతి చూడండి. మే నెల ఎండలో ఇంజన్ వేడి పక్కన కూర్చుని నడిపే డ్రైవర్లకు ఏసీ క్యాబిన్ ఉండాలని కేంద్రం 2023 డిసెంబరులో నోటిఫికేషన్ ఇచ్చి, 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీలకు తప్పనిసరి చేసింది. కార్లలో ఏసీ మామూలైపోయిన ఎన్నో ఏళ్ళకు, అదీ చట్టం పెడితే వచ్చింది. తన ఒంటికోసం మనిషి షోరూముకు వెళ్తాడు. ఇంకొకరి ఒంటికోసం ప్రభుత్వం జీవో తేవాల్సి వస్తుంది.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం ఇంజన్ చిన్నదన్నది. మన కార్లకు బలం తక్కువ, ఆటోమేటిక్ పెడితే ఉన్న బలమూ పోయేది, పెట్రోలు తాగేసేది, అందుకే మాన్యువల్ ఉంచారు, ఇందులో యజమానులూ పనివాళ్ళూ అన్న గొడవెందుకు అంటారు. పాతకాలపు టార్క్ కన్వర్టర్ విషయంలో ఇది నిజం. అందులో ఇంజన్ నూనెను తిప్పితే ఆ నూనె గేర్ బాక్స్‌ను తిప్పుతుంది, ఆ చేతులు మారడంలో కొంత బలం వేడిగా పోతుంది. కానీ చిన్న ఇంజన్‌కు వేరే దారి లేదన్నది నిజం కాదు. హాలండ్‌లో డాఫ్ కంపెనీ 1958లోనే వేరియోమాటిక్ అనే బెల్టు అమరికతో 590 సీసీ కారు చూపించింది. మారుతి 800 కంటే చిన్న ఇంజనది, క్లచ్ పెడల్ లేదు. ఇక మైలేజీ అభ్యంతరం ఏఎంటీ వచ్చిన రోజే చచ్చిపోయింది. మొదటి సెలేరియోకు మాన్యువలైనా ఏజీఎస్ అయినా కంపెనీ చెప్పిన మైలేజీ లీటరుకు 23.1 కిలోమీటర్లే. 2024లో వచ్చిన స్విఫ్ట్‌కైతే మాన్యువల్‌కి 24.80, ఏజీఎస్‌కి 25.75 అని కంపెనీయే చెబుతోంది. పరీక్షలో వచ్చే అంకెలు రోడ్డు మీద రావు, నిజమే, రెండింటికీ రావు. సగటు మనిషి గేరు మార్చాల్సిన చోట మార్చకుండా సాగదీస్తాడు, కంప్యూటర్ సాగదీయదు. క్లచ్ ప్లేట్ల మాటకొస్తే, కదలీ కదలని ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్ మీద కాలు పెట్టి కూర్చునే అలవాటు ప్లేట్లను తినేసే సంగతి ఏ మెకానిక్ షెడ్డులో అడిగినా చెబుతారు.

రెండో అభ్యంతరం ఘాట్ రోడ్డు. కొండ దిగేటప్పుడు చిన్న గేరులో పెట్టి ఇంజన్‌తోనే బండిని పట్టి ఉంచాలి, లేకపోతే బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. శ్రీశైలం మలుపుల్లోనో, అరకు నుంచి అనంతగిరి మీదుగా దిగేటప్పుడో ఈ పని మనిషి ఆలోచించి చేయాలి తప్ప యంత్రానికి వదిలేయకూడదంటారు. ఇందులో పనికొచ్చే సగం ఉంది. ముందు లోయ ఉందని మనిషి కంటికి తెలుస్తుంది, గేర్ బాక్స్‌కు తెలియదు. గేర్ రాడ్డును డీ (డ్రైవ్) గుర్తు మీద పెట్టి వదిలేసి, దారి పొడవునా బ్రేకు తొక్కుకుంటూ దిగేవాడు ప్రమాదంలోనే ఉన్నాడు. అయితే ఆటోమేటిక్ బండికి చిన్న గేరు లేదని ఎవరు చెప్పారు? ఏఎంటీలోనూ టార్క్ కన్వర్టర్‌లోనూ మాన్యువల్ మోడో, ఎల్ అన్న గుర్తో ఉంటుంది. అది వేసి దిగితే ఇంజన్ బండిని అలాగే పట్టి ఉంచుతుంది, క్లచ్ మాత్రం తొక్కనక్కర్లేదు. గేరును ఎంచుకోవడం వేరు, కాలితో మోయడం వేరు. మొదటిది వివేకం, దాన్ని ఎప్పుడూ వదులుకోకూడదు. రెండోది మోత. ఎక్కేటప్పుడైతే ఆటోమేటిక్‌దే పైచేయి. ఏటవాలులో ముందు బస్సు ఆగిపోతే, వెనక కారును తాకకుండా హ్యాండ్ బ్రేకూ క్లచ్చూ యాక్సిలరేటరూ మూడూ ఒకేసారి ఆడించాల్సిన గండం చాలామందిని కొండదారికే దూరం చేసింది. ఇప్పుడు చాలా ఆటోమేటిక్ కార్లలో బండిని రెండు మూడు సెకన్లు వెనక్కి జారకుండా పట్టి ఉంచే ఏర్పాటు ఉంది.

మూడో అభ్యంతరం బరువైనది, దాన్ని తేలిగ్గా కొట్టేయలేం. కాలూ చెయ్యీ ఖాళీ అయితే మనసు కూడా ఖాళీ అవుతుంది, ఫోన్ చేతిలోకొస్తుంది, అంతకంటే ఘోరంగా బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కుతారు అంటారు. ఫోన్ మాట వదిలేద్దాం. భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని మాన్యువల్ బండి నడిపేవాళ్ళు, హెల్మెట్‌లో ఫోన్ దోపుకుని గేర్లు మార్చేవాళ్ళు మన రోడ్లమీద కొత్త కాదు. పెడల్ పొరపాటు మాత్రం నిజమైన ప్రమాదం. 2019 ఏప్రిల్‌లో టోక్యోలోని ఇకెబుకురోలో 87 ఏళ్ళ వృద్ధుడు నడుపుతున్న కారు ఆగకుండా దూసుకుపోయి ఒక తల్లినీ మూడేళ్ళ కూతుర్నీ బలిగొంది. బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కడమే కారణమని 2021లో కోర్టు తేల్చింది. మాన్యువల్ బండిలో కంగారుపడ్డ మనిషి రెండు కాళ్ళూ బిగిస్తాడు, క్లచ్ తొక్కుడు పడి ఇంజన్‌కీ చక్రాలకీ తెగిపోతుంది. ఆ రక్షణ ఆటోమేటిక్‌లో లేదు. ఒప్పుకోవాల్సిందే. కానీ దీనికి విరుగుడుగా జపాన్ అందరిచేతా క్లచ్ తొక్కించాలనుకోలేదు. ముందు అడ్డం కనబడుతుంటే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినా బండిని లాగనివ్వని పరికరాన్ని 2028 సెప్టెంబరు నుంచి కొత్త ఆటోమేటిక్ కార్లలో తప్పనిసరి చేయబోతోంది. మనం ఇప్పటికిప్పుడు చేయగలిగింది, బ్రేకుకీ యాక్సిలరేటర్‌కీ కుడికాలే వాడాలని, ఎడమకాలు కిందే ఉండాలని మొదటి రోజే నేర్పడం. ఏళ్ళ తరబడి మాన్యువల్ నడిపి మారినవాడి ఎడమకాలు క్లచ్ కోసం వెతికి బ్రేకు మీద పడితే బండి ఎక్కడికక్కడ కుదేసి ఆగుతుంది. ఖాళీ స్థలంలో ఒక పూట సాధన చేస్తే పోయే అలవాటది.

నాలుగో అభ్యంతరం మరమ్మతు. నా దృష్టిలో మాన్యువల్ పక్షాన ఉన్న అన్నిటికంటే మంచి కారణం ఇదే, ఎక్కువమంది దీన్ని ఆఖర్న చెబుతారు. క్లచ్ ప్లేట్లు మార్చడం మండల కేంద్రంలో ఉన్న షెడ్డులో కూడా అయిపోయే పని. బ్యాటరీ దిగిపోతే నలుగురు తోస్తే మాన్యువల్ బండి స్టార్టవుతుంది, ఆటోమేటిక్‌ను ఎంత తోసినా లాభం లేదు. పైగా ఆటోమేటిక్ అన్నది ఒక్క జాతి కాదు. ఏఎంటీ చవక, గేరు మారేటప్పుడు మాత్రం తల ముందుకు ఊగుతుంది. సీవీటీలో ఉక్కు బెల్టు రెండు పుల్లీల మీద జారుతూ మెత్తగా సాగుతుంది, గట్టిగా తొక్కితే మాత్రం ముందు రొద వస్తుంది, వెనక వేగం వస్తుంది. డీసీటీలో సరి గేర్లకొక క్లచ్, బేసి గేర్లకొక క్లచ్ ఉండి కన్ను మూసి తెరిచేలోగా మారుస్తుంది, అయితే కదలని ట్రాఫిక్‌లో కొన్ని రకాలు వేడెక్కుతాయి, చెడితే బిల్లు గుండెలదరగొడుతుంది. టార్క్ కన్వర్టర్ పాతకాపు, మెత్తన, మన్నిక, ధర ఎక్కువ. సర్వీస్ సెంటర్ వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్ళో డీసీటీ కొనుక్కోవడం వివేకం కాదు. అక్కడ మాన్యువల్ కొన్నవాడిని పాతకాలపు మనిషని ఎవరూ అనకూడదు. గమనించాల్సింది ఏమిటంటే, అక్కడ కూడా ఎంచుకున్నది నడిపేవాడే, ఎడమకాలి కష్టాన్నీ మెకానిక్ దూరాన్నీ తూచి చూసుకున్నదీ అతనే.

చివరి అభ్యంతరం ఆనందం గురించి, విద్య గురించి. నగరం దాటాక, ఔటర్ రింగ్ రోడ్డు దిగి, నల్లమల దారి పట్టాక, ఇంజన్ చప్పుడు విని సరైన క్షణంలో గేరు దించి మలుపు తిప్పడంలో ఉన్న తృప్తిని కాదనేవాళ్ళతో నాకు వాదన లేదు. అది అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. ఆ తృప్తి కోసం మాన్యువల్ కొనుక్కునేవాడు తన సరదాకు తన కాలినే పెట్టుబడి పెడుతున్నాడు, ఎవరికీ బాకీ లేడు. అలాగే మాన్యువల్ నేర్చుకోవడం వల్ల బండి ఎలా నడుస్తుందో ఒంటికి తెలుస్తుంది, ఏ బండి తాళం ఇచ్చినా తీసుకెళ్ళగలం. బ్రిటన్‌లో ఆటోమేటిక్ మీద పరీక్ష పాసైతే లైసెన్సు ఆటోమేటిక్‌కే పరిమితం. జపాన్‌లో కూడా 1991 నుంచి అలాంటి ప్రత్యేక లైసెన్సు ఉంది. మన దగ్గర ద్విచక్ర వాహనాలకు గేర్లున్నవీ లేనివీ అన్న తేడా లైసెన్సులో ఉంది గానీ కార్లకు లేదు. ఆటోమేటిక్ మాత్రమే నేర్చుకున్నవాడు కూడా చట్టప్రకారం మాన్యువల్ ఎక్కేయొచ్చు. అందుకని డ్రైవింగ్ స్కూల్లో మాన్యువల్ నేర్చుకోవడం మంచిదే. కానీ నేర్చుకోవడం ఒకటి, జన్మంతా మోయడం ఒకటి. ఎక్కాలు రావాలి కదా అని కిరాణా కొట్టువాడిని క్యాలిక్యులేటర్ ముట్టుకోవద్దనం. పోలియోతోనో ప్రమాదంలోనో ఎడమకాలు చచ్చుబడినవాళ్ళకు, మోకాళ్ళు అరిగిన పెద్దవాళ్ళకు, క్లచ్ భయంతో లైసెన్సు తీసుకుని బీరువాలో దాచుకున్న ఎందరో ఆడవాళ్ళకు ఆటోమేటిక్ ఇచ్చిన స్వేచ్ఛ ముందు, గేర్లు మార్చడం రానివాడూ డ్రైవరేనా అన్న వెటకారం చాలా చిన్నదైపోతుంది.

ఈ తగవును చివరికి తీర్చబోయేది కరెంటు బండి. మోటారుకు ఇంజన్ లోపం లేదు, సున్నా చుట్ల దగ్గరే పూర్తి బలం ఇస్తుంది, కాబట్టి క్లచ్చూ అక్కర్లేదు, మార్చుకోవాల్సిన గేర్లూ అక్కర్లేదు. ఇందులో నాకు నచ్చిన సంగతి, కొన్నవాడి కాలికి ముందు, జీతానికి నడిపేవాడి కాలికి ఆఖర్న అన్న వరస మొదటిసారి తప్పడం. 2020లో వచ్చిన నెక్సాన్ ఈవీ కొన్న ఉద్యోగికి క్లచ్ పోయింది. కరెంటు ఆటో నడిపేవాడికీ గేర్లు పోయాయి. 2022 సెప్టెంబరులో ఏపీఎస్ఆర్టీసీ తిరుమల ఘాట్ రోడ్డు మీద ఎలక్ట్రిక్ బస్సులు మొదలుపెట్టింది. గేర్లు మార్చకపోతే కొండ ఎక్కలేం, దిగలేం అన్న చోటే రోజూ యాత్రికులతో ఆ బస్సులు గేర్లు మార్చకుండా తిరుగుతున్నాయి, దిగేటప్పుడు మోటారే బండిని పట్టి ఉంచి బ్యాటరీలోకి కరెంటు వెనక్కి పంపుతుంది. ఆ బస్సు డ్రైవర్ ఎడమకాలికి విశ్రాంతి దొరికింది. ఎవరో జాలిపడి ఇచ్చింది కాదది, మోటారుకు క్లచ్ అవసరం లేదు కాబట్టి దొరికింది. దయ చేయని పని యంత్రం స్వభావం చేసిందన్నమాట. సంతోషించాల్సిందే, కానీ రోడ్డు మీద ఉన్న పెట్రోలు, డీజిలు, సీఎన్‌జీ బండ్లు ఇంకా చాలా ఏళ్ళు తిరుగుతాయి. వాటి విషయంలో యంత్రం మనకోసం నిర్ణయం తీసుకోదు, మనమే తీసుకోవాలి.

కాబట్టి కారు ఎంచుకునేటప్పుడు పౌరుషాన్ని పక్కన పెట్టి అడగాల్సినవి మూడున్నాయి. రోజూ నడిపేది ఎవరు, ఏ దారిలో, చెడితే బాగుచేసేది ఎంత దూరంలో. ఖాళీ రోడ్లమీద, తానే ఇష్టపడి నడుపుకుంటూ, సర్వీస్ సెంటర్‌కు దూరంగా ఉన్నవాడికి మాన్యువల్ మంచిది. నగరంలో రోజూ గంటల తరబడి ఆగి కదిలేవాడికి ఆటోమేటిక్, అందులోనూ జేబును బట్టి ఏఎంటీ. తన కోసం ఈ లెక్క ఎవరైనా వేసుకుంటారు. ఇంట్లో డ్రైవర్‌ను పెట్టుకున్నవాళ్ళు, ఆఫీసుకు క్యాబ్‌లు మాట్లాడే కంపెనీలు, పది బండ్లు తిప్పే ట్రావెల్స్ యజమానులు ఇదే లెక్కను ఇంకొకరి తరఫున వేయాలి. ఏఎంటీకి అదనంగా అయ్యేది యాభై వేలనుకుందాం, బండి ఐదేళ్ళు తిరుగుతుందనుకుందాం. నెలకు 833 రూపాయలు, రోజుకు ముప్ఫై లోపు. తన కాలికోసం షోరూములో ఆ మొత్తానికి బేరమాడకుండా సంతకం పెట్టే మనిషి, పన్నెండు గంటలు నడిపేవాడి కాలికోసం అది దండగ ఖర్చని అనడానికి నాకైతే ఏ న్యాయమూ కనబడటం లేదు.